రెండు ముళ్లూ, ఒక కందిరీగా

కల్హేర్ మా తాతలనాటి ఊరు. హైదరాబాదు నుంచి సంగారెడ్డి, జోగిపేట దాటి నారాయణఖేడ్ సీమలో అడుగుపెట్టి, పత్తి చేలూ జొన్న చేలూ కనబడేసరికి నాకు ఆకలి వేస్తుంది, ఎందుకో చెప్పలేను. కర్ణాటక సరిహద్దు దగ్గర కావడంచేత ఇక్కడి తెలుగులో కన్నడం, మరాఠీ మాటలు చుట్టాల్లా చనువుగా తిరుగుతుంటాయి.

పాత ఇల్లు బాగుచేయిద్దామని మొన్న వేసవిలో బయలుదేరాను. వెంట మా అమ్మాయి, మా మేనల్లుడు. దారి పొడుగునా ఇద్దరికీ మాటలు లేవు.

కారణం చెప్పాలి. అమ్మాయి విమానం నడపడం నేర్చుకుంటోంది. మేనల్లుడు అదే శిక్షణ సంస్థలో విమానాలు బాగుచేసే ఇంజనీరు. ఆమె మొట్టమొదటిసారి ఒంటరిగా ఎగరవలసిన రోజున, ఇతగాడు ఆ విమానాన్ని షెడ్డులోంచి కదలనివ్వలేదు. కిందటి సాయంత్రం గురువుగారితో ఎగిరినప్పుడు వేగం చూపే ముల్లు ఆమె ముందు 60 నాట్లంటే, ఆయన ముందు 70 అన్నదట. (నాట్లంటే వరినాట్లు కావండోయ్! ఒక నాటు గంటకు 1.85 కిలోమీటర్లు.) "పది తేడాకే ఇంత రభసా?" అని అమ్మాయి కోపం. నాకు మాత్రం లోలోపల ప్రాణం కుదుటపడింది. పైకి అనలేదు.

ఇంటి తాళం తీయబోతే తాళంచెవి దూరలేదు. మేస్త్రీ వంగి చూసి, "గా రంధ్రంల కందిరీగ గూడు వెట్టింది సారూ, తాళంచెయ్యి ఎట్ల వోతది?" అన్నాడు. వేదాంతులు భ్రమరకీటక న్యాయమని చెప్పే ఆ మట్టిగూడే!

మేనల్లుడు మాత్రం నవ్వలేదు. "మామయ్యా, మాకు పాము కంటె దీనికే భయం" అన్నాడు.

విమానం రెక్క కింద ముందుకు చూస్తూ సన్నని గొట్టం ఒకటుంటుంది. పీటో అనే ఫ్రెంచి ఇంజనీరు 1732లో సేన్ నది ప్రవాహాన్ని కొలవడానికి కనిపెట్టిన ఉపాయమది. బస్సు కిటికీలోంచి అరచెయ్యి చాపితే గాలి నెట్టినట్టే ఎదురుగాలి ఆ గొట్టంలోకి తోసుకొస్తుంది. పక్కన మరో రంధ్రం మామూలు గాలి ఒత్తిడిని పట్టుకుంటుంది. రెండింటి తేడాయే వేగం.

"ఎంత తోపుడేమిటి?" అన్నాను.

అతడు మేస్త్రీ దగ్గరున్న లెవెల్ పైపు అడిగి తీసుకున్నాడు. గోడ మట్టం చూసే ఆ పారదర్శకపు గొట్టంలో సగం నీళ్లున్నాయి. రెండు కొసలూ పైకి పట్టుకొని, "ఒక కొసలో మెల్లగా ఊదు" అని అమ్మాయికి అందించాడు. పది రోజుల తరువాత మొదటి మాట! ఆమె ఊదింది. ఒక పక్క నీరు దిగింది, రెండో పక్క ఎక్కింది. మేస్త్రీ టేపు పెట్టి కొలిచాడు: తేడా ఆరు సెంటీమీటర్లు.

"అదే 60 నాట్లు. 120 కావాలంటే రెట్టింపు కాదు, నాలుగింతలు ఊదాలి, 24 సెంటీమీటర్లు."

ఆరు సెంటీమీటర్ల నీటిమీద నా కూతురు ప్రాణం!

షెడ్డులో దీనికి వేరే పరికరముంది కాని, లెక్క ఇదే. గొట్టానికి కొలిచిన ఒత్తిడి పెట్టి బిగబట్టాలి. ముల్లు నిలిస్తే సరే. మెల్లగా జారితే ఎక్కడో కారుతున్నట్టు. విమానం గొట్టంలో నోటితో ఊదడం, తీగె పెట్టి కెలకడం మహాపాపం.

"మీ ఇద్దరి ముళ్లకూ బయటి గొట్టం ఒక్కటే. అది మూసుకుపోతే రెండూ కలిసికట్టుగా అబద్ధమాడేవి. అవి పోట్లాడుకున్నాయి గనుక తప్పు లోపలే ఉండాలి. వెదికితే నీ ముల్లు వెనక రబ్బరు గొట్టం చీలింది. నీది తక్కువ చూపుతోంది. దాన్ని నమ్మి దిగేటప్పుడు వేగం పెంచేదానివి, రన్‌వే చాలకపోయేది. తారుమారై ఎక్కువ చూపితే మరీ ప్రమాదం: వేగం చాలక రెక్క గాలిని వదిలేస్తుంది."

"ఆ సంగతి ఆ రోజే చెప్పవచ్చుగా బావా?"

"ఆ రోజు నాకూ తెలియదు. ఏ ముల్లుది తప్పో తేలలేదు, అందుకే ఆపాను."

1996 ఫిబ్రవరిలో డొమినికన్ రిపబ్లిక్‌లో పెద్ద విమానమొకటి పైకి లేస్తుండగా కెప్టెన్ ముల్లు పనిచేయడం లేదని రన్‌వే మీదే తెలిసింది. అయినా లేచారు. కాసేపటికి సముద్రంలో పడి 189 మందీ పోయారు. అంతకు ముందు దాదాపు మూడు వారాలు అది ఎగరకుండా నిలిచి ఉంది. గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టి ఉంటుందని దర్యాప్తువారి అనుమానం. అందుకే విమానం ఆపగానే గొట్టానికి తొడుగు వేసి, తీయడం మరిచిపోకుండా ఎర్ర పట్టీ వేలాడదీస్తారు.

మేస్త్రీ మట్టి తొలిచి తాళం తెరిచాడు. సాయంత్రం అరుగుమీద జొన్నరొట్టె తింటుండగా అమ్మాయి ఉన్నట్టుండి అడిగింది:

"మన విమానానికి తొడుగు వేసి వచ్చావా, బావా?"

"వేశాను." రొట్టె తుంచబోయి ఆగాడు. "వేశాననే అనుకుంటున్నాను."

చెయ్యి కడుక్కుని, ఫోను పట్టుకుని, సిగ్నలు అందే చోటు వెదుక్కుంటూ వీధిలోకి నడిచాడు. వెనకాలే అమ్మాయి కూడా.