కుంకుడు రసం, బీపీ బిళ్ళ

మన ఇళ్ళలో ఎవరైనా మందు ఎక్కువ మింగారంటే అందరికీ మొదట గుర్తొచ్చేది కుంకుడు రసమే. ఏం మింగారు, ఎప్పుడు మింగారు అనే విచారణ లేదు. పట్టించడం, కక్కించడం, అంతే. ఈ వైద్యం మీద నాకు ఎప్పట్నుంచో చిరాకు.

పోయిన నెల తెనాలి నుంచి పిన్ని ఫోన్. మూడేళ్ళ మనవడు బాబాయి బీపీ బిళ్ళల స్ట్రిప్‌తో ఆడుకుంటున్నాడట, రెండు గుంటలు ఖాళీ. ఆమ్లోడిపిన్, 5 మిల్లీగ్రాములవి. "కుంకుడు రసం కలిపాన్రా, పట్టించనా?"

"వద్దు పిన్నీ, ఏమీ పట్టించొద్దు. 108కి ఫోన్ చెయ్, ఆ స్ట్రిప్ కూడా తీసుకెళ్ళు" అన్నాను. వెనకాల బాబాయి గొంతు: "వాడు శుభ్రంగా ఆడుకుంటుంటే ఆసుపత్రేంటి?"

అసలు చిక్కంతా అక్కడే. ఈ మందు రక్తంలో పూర్తి స్థాయికి చేరడానికే 6 నుంచి 12 గంటలు పడుతుంది. అందులో సగం ఒంట్లోంచి పోవడానికి 30 నుంచి 50 గంటలు. మన భాషలో చెప్పాలంటే మధ్యాహ్నం సబ్మిట్ చేసిన జాబ్ అర్ధరాత్రి రన్ అవుతుందన్నమాట. ఇప్పుడు ఎర్రర్ రాలేదని ఇంటికెళ్ళిపోతామా? పైగా బీపీ పడిపోయి మగతలో ఉన్న పిల్లాడికి వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. పెద్దవాళ్ళకి మామూలుగా రాసే బిళ్ళే అయినా, ఆ ఒంటికి రెండంటే తక్కువేం కాదు.

దీనికి ఒక్క దెబ్బతో పనిచేసే విరుగుడు లేదు. పరిస్థితి విషమిస్తే కాల్షియం ఎక్కిస్తారు, బీపీ పెంచే మందులు ఇస్తారు. నాకు ఆశ్చర్యం కలిగించింది ఇన్సులిన్. షుగర్ లేనివాళ్ళకి కూడా, మామూలు కంటే ఎన్నో రెట్లు, గ్లూకోజ్‌తో కలిపి ఇస్తారట! ఈ రకం మందులు మోతాదు మించితే క్లోమం నుంచి ఇన్సులిన్ రాకుండా అడ్డుపడతాయి. సరిగ్గా అప్పుడే గుండె కండరానికి చక్కెర కావాలి.

మావాడికి అంతదాకా రాలేదు. రాత్రంతా మానిటర్ పెట్టి, గంట గంటకీ బీపీ చూసి, మర్నాడు సాయంత్రం పంపించారు. ఒక బిళ్ళ మంచం కింద దొరికిందిట, తర్వాత.

"ఒక్క బిళ్ళకి ఇంత బిల్లా!" అని బాబాయి ఇప్పటికీ అంటూనే ఉన్నాడు. అననీండి.