అంటే

మా ఊరి బళ్లో ఆరో తరగతికి వచ్చాకే మాకు ఇంగ్లీషు మొదలైంది. "సీ ఏ టీ క్యాట్, క్యాట్ అంటే పిల్లి. డీ ఓ జీ డాగ్, డాగ్ అంటే కుక్క" అని నలభై గొంతులు ఒకే రాగంలో అరుస్తుంటే, పక్కన రామాలయం అరుగు మీద కునుకు తీసే ముసలాళ్లు ఉలిక్కిపడి లేచి కూర్చునేవారు. ఆ రాగంలో తాళం పడేది 'అంటే' మీదే. అటు ఇంగ్లీషు, ఇటు తెలుగు, మధ్యన కాలవ మీద వేసిన తాటిపట్టెలా 'అంటే'.

పిల్లీ కుక్కా దాటినంతకాలం ఆ పట్టె బాగానే ఆగింది. ఎనిమిదో తరగతిలో 'మీనింగులు' వచ్చిపడ్డాయి. మాస్టారు గైడు చూసి బోర్డు మీద రెండు వరసలుగా రాసేవారు, మేం నోట్సులో ఎక్కించుకునేవాళ్లం. ఒకరోజు 'రిలక్టెన్స్' ఎదురుగా 'విముఖత' అని పడింది. "విముఖత అంటే ఏంటండీ?" అని లేచి అడిగాను. "తెలుగే రాదు, నీకు ఇంగ్లీషెందుకురా!" అన్నారు. క్లాసంతా నవ్వింది. నవ్విన వాళ్లలో ఒక్కడికీ ఆ మాట తెలీదని ఇంటర్వెల్లులో తేలింది. అయినా పరీక్షలో అందరం 'విముఖత' అని రాశాం, అందరికీ మార్కు పడింది.

ఆ సాయంత్రం నోట్సు మా అమ్మకు చదివి వినిపించాను. ఆవిడ చదువు నాలుగో తరగతి. "ముఖం తిప్పుకోవడం కాబోలురా. పొద్దున్నే చన్నీళ్లు పోసుకోమంటే వంకలు పెడుతూ నిలబడతావే, అదీ" అంది. అంతే, రిలక్టెన్స్ నాకు ఇప్పటికీ నెత్తిమీద చెంబెడు నీళ్లతో సహా గుర్తు. ఆ ఏడాది రాసుకున్న మిగతా మీనింగుల్లో ఎన్ని మిగిలాయంటే చెప్పలేను.

మామిడికి అంటు కట్టేటప్పుడు చూడండి, రెండు కొమ్మలూ పచ్చిగా ఉన్నవి చూసి చెక్కి కడతారు. ఎండుపుల్లకు కొమ్మను కట్టి ఎన్ని నీళ్లు పోసినా చిగురు రాదు. మాకు రిలక్టెన్స్ ఎంత కొత్తో విముఖతా అంతే కొత్త. గైడు రాసిన మహానుభావుడికి 'వంకలు పెట్టడం' అని రాయడానికి నామోషీ వేసి ఉంటుంది.

ఇక స్పెల్లింగుల బాధ వేరు. పలకని అక్షరాలన్నీ మా అరచేతుల మీదే పలికేవి. అప్పు అనే అర్థమున్న 'డెట్' మాటలో 'బి' ఎందుకుందో చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఫ్రెంచివాళ్ల నుంచి ఇంగ్లీషుకు వచ్చినప్పుడు దానికి బి లేదు. లాటిన్ మూలంలో ఉంది గనక మనమూ పెట్టుకుందామని పండితులు తర్వాత ఇరికించారు. వాళ్లు చేసిన ఆ అప్పును మేం ఇంపోజిషన్లు రాసి తీర్చాం.

'రన్ అంటే పరుగెత్తు' అని ఒకే అర్థం రాసుకుని ఊరుకున్నాం. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు ఈ ఒక్క క్రియకే ఆరువందలకు పైగా అర్థాలు లెక్కగట్టిందట. అంతదూరం పోనక్కర్లేదు. బడి మొహం చూడని మా బాబాయి "కొట్టు రన్ చేస్తున్నా" అనేవాడు, "ఇంజను రన్నింగులో ఉంది, ముట్టుకోకు" అనేవాడు. నోట్సులో లేని అర్థాలన్నీ ఆయన నోట్లో ఉన్నాయి. అవి ఇంగ్లీషని మాకెవరూ చెప్పలేదు, ఆయనకీ తెలీదు.

ఎదురుదిక్కున నడిచిన మనిషి బ్రౌను దొర. 1817లో మద్రాసులో దిగేనాటికి ఆయన ఇంకా ఇరవై నిండని కుర్రాడు. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. అందులో మాట పక్కన అర్థం పెట్టి వదిలెయ్యడు. కావ్యంలో ఎలా వాడారో చూపిస్తాడు, జనం నోట ఎలా ఆడుతుందో కూడా చూపిస్తాడు. పరాయివాడు కాబట్టే 'అంటే' అన్న ఒక్క ముక్కతో పని జరగదని ఆయనకు తెలిసొచ్చి ఉంటుంది.

ఇప్పుడు మా అక్క మనవరాలు సర్కారు బడిలో ఏడు చదువుతోంది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ఇంత మంచి ఏర్పాటు మాకుంటే ఎంత బాగుండేదో అనుకుంటూ సైన్సు పుస్తకం తిరగేశాను. ఇటు ఫోటోసింథసిస్, అటు కిరణజన్య సంయోగక్రియ.

"ఫోటోసింథసిస్ అంటే ఏంటే?" అన్నాను.

"కిరణజన్య సంయోగక్రియ."

"అంటే?"

"ఫోటోసింథసిస్ తాతయ్యా!" అంది, నాకు చెవుడు వచ్చిందేమోనని అనుమానంగా చూస్తూ.

తాటిపట్టె మీద అటూ ఇటూ తిరుగుతోందే గాని పిల్ల ఏ గట్టూ ఎక్కలేదు. పెరట్లో కరివేపాకు మొక్క చూపించి, "ఇది అన్నం ఎక్కడ తింటుంది?" అన్నాను. కాసేపు ఆలోచించింది. "తినదు, ఎండ పొయ్యి మీద తనే వండుకుంటుంది" అంది. ఆ ముక్క పరీక్షలో రాస్తే మార్కు వేస్తారో లేదో గాని, నేనైతే రెండు వేసేవాణ్ని.

మొన్న డిక్టేషన్ మాటలు పట్టుకొచ్చింది. వాటిలో ఒకటి బండికూట్. అర్థం అడిగితే, అది మన పందికొక్కే, దొరలు పట్టుకెళ్లి ప్యాంటు తొడిగి పంపారని చెప్పాను. నమ్మలేదు. నిఘంటువు తీసి, తెలుగు నుంచి వచ్చిందని రాసిన చోటు వేలితో చూపించాను. చదువుకుని, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"మన మాటేగా తాతయ్యా, మరి వాళ్లు రాసినట్టు నేనెందుకు రాయాలి?"

డిక్టేషన్లో ఇస్తారమ్మా అన్నాను. సరేనని పదిసార్లు రాసి తెచ్చింది. పదిసార్లూ 'బి' బదులు 'పి'తో మొదలెట్టింది. ఎర్రపెన్ను నా జేబులోనే ఉంది గాని, తియ్యలేదు.