అమ్మ ఇంటిపేరు

ఇచ్ఛాపురం దాటి, బరంపురం మీదుగా హైవే పట్టుకుని ఇంకాస్త ముందుకెళ్తే గంజాం. అక్కడే రుషికుల్య నది సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ ఇసుక మీద పడవలూ, ఆరబెట్టిన వలలూ, పీతల బొరియలూ తప్ప ఏమీ కనిపించవు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాత్రం ఓ రాత్రి గాలి దక్షిణం నుంచి వీచిందంటే చాలు... కథ మారిపోతుంది. అల వెనక్కి వెళ్లిన చోట ఓ నల్లటి బండ మిగులుతుంది. ఆ బండ కదులుతుంది. దాని వెనకాల ఇంకోటి, ఆ వెనక మరో పది. తెల్లారేసరికి కాలు పెట్టడానికి చోటుండదు. ఒకటి గుడ్లు పెట్టి పూడ్చిన గుంతనే ఇంకోటి తవ్వేస్తుంటుంది. 2025లో ఇలా వచ్చినవి దాదాపు 7 లక్షలు!

ఇవి ఆలివ్ రిడ్లే తాబేళ్లు. రెండడుగుల డిప్ప, వందకు పైగా గుడ్లు. ఇలా మూకుమ్మడిగా రావడాన్ని స్పానిష్‌లో 'అరిబాడా' అంటారు. రాక అని అర్థం. రుషికుల్య దగ్గర ఈ సంబరం జరుగుతోందని పరిశోధకులకు తెలిసింది 1994లోనే. ఈ తీరంలో వేటకెళ్లే వాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడుకునే నోలియాలు ఎందరో!

ఈ తాబేళ్ల పుట్టుపూర్వోత్తరాలు తేల్చిన పరిశోధనలో మాత్రం సముద్రమే లేని ఊరికి పెద్ద వాటా ఉంది. హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రవేత్తలతో కలిసి కార్తీక్ శంకర్ బృందం చేసిన అధ్యయనం 2004లో వెలువడింది. పెద్ద సరంజామా ఏం అక్కర్లేదు. గోరంత చర్మం ముక్క చాలు, చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేలుదైనా సరే.

కణంలోని మైటోకాండ్రియాలో కొంచెం డీఎన్‌ఏ ఉంటుంది. అది తల్లి నుంచే పిల్లలకొస్తుంది. మనకు ఇంటిపేరు నాన్న వైపు నుంచి వస్తే, తాబేటికి ఇది అమ్మ ఇంటిపేరన్నమాట. ఆడ తాబేలు మామూలుగా తాను పుట్టిన తీరానికే తిరిగొచ్చి గుడ్లు పెడుతుంది. కాబట్టి ఆ ఇంటిపేరు చదివితే ఏ తీరపు ఆడపడుచో చెప్పొచ్చు.

చదివితే ఏం తేలింది? మన తూర్పు తీరంలోని ఆలివ్ రిడ్లేలది ఒకే కుటుంబం. నూటికి 96 తాబేళ్లలో 'కె' అని పిలిచే ఓ ప్రత్యేక వర్గం డీఎన్‌ఏ కనిపించింది. ఆ రకం అప్పటిదాకా పరీక్షించిన వేరే ఏ తీరంలోనూ లేదు. పక్కనే ఉన్న శ్రీలంకలో కూడా! అంతేకాదు, నేడు మిగతా సముద్రాల్లో ఉన్న ఆలివ్ రిడ్లేలు హిందూ మహాసముద్రపు వంశాల నుంచే విస్తరించి ఉంటాయని తేల్చారు. అంటే మనవే పాత కాపులు.

మెక్సికో వైపు వీటికి కెంప్స్ రిడ్లే అనే దగ్గరి చుట్టం ఉంది. అది వేరే జాతి, ఉన్నది ఒకే ఒక్క సమూహం అని దాన్ని కాపాడేందుకు ఎక్కువ శ్రద్ధ పెట్టారు. ఆలివ్ రిడ్లే అంటే ప్రపంచమంతా ఉన్నదేగా అనే ధీమా. మరోపక్క ఆ అధ్యయనం వచ్చేనాటికి పదేళ్లలో ఒక్క ఒడిశా తీరంలోనే లెక్కకొచ్చిన తాబేళ్ల శవాలు లక్షకు పైనే. మనది పోతే ఇంకో సముద్రం నుంచి తెచ్చుకోలేమని చెప్పడానికి డీఎన్‌ఏ కావాల్సి వచ్చింది.

కుటుంబం ఒకటే అయినప్పుడు కాపలా ఒక్క గుమ్మం దగ్గరే ఉంటే ఎలా? ఒడిశాలో ధమ్రా, దేవి, రుషికుల్య నదీ ముఖాల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల మేర వేట నిషేధం. ఆంధ్ర తీరంలో మరబోట్లకు నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అది చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టిన గడువు. తాబేళ్లేమో జనవరి నుంచే వస్తాయి. గాలి పీల్చుకోవడానికి పైకి రావాల్సిన జీవి, గంటల తరబడి లాగే ట్రాల్ వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. వలలో ఇనుప చట్రం బిగించి తాబేలు బయటపడే దారి పెట్టొచ్చు. కానీ ఆ దారిలో చేపలూ రొయ్యలూ పోతాయని బోటు వాళ్ల బెంగ. డీజిలు ఖర్చు నెత్తిన పెట్టుకుని వేటకెళ్లే వాళ్ల మాటను కొట్టిపారేయలేం.

అన్నట్టు, ఇంటిపేరు వంశాన్ని చెబుతుందే గానీ ఏ తాబేలు ఎటు తిరిగిందో చెప్పదు. అందుకు తెడ్డులాంటి ముందుకాలికి తగిలించే లోహపు బిళ్ల పనికొస్తుంది. 2021లో ఒడిశాలో బిళ్ల వేయించుకున్న ఓ తాబేలు 2025 జనవరిలో ఏకంగా మహారాష్ట్రలోని గుహాగర్‌లో గుడ్లు పెడుతూ కనిపించింది!

విశాఖ, శ్రీకాకుళం తీరాల్లోకి ఇవి ఒంటరిగానే వస్తాయి. ఆ గుడ్లను కుక్కలూ నక్కలూ తవ్వకముందే తీసి, కంచె కట్టిన ఇసుకలో తిరిగి పాతిపెడతారు. ఏడు వారాలు అటూ ఇటుగా పిల్లలవుతాయి. అరచేతిలో పట్టే ఆ పిల్లల్ని నీళ్లకు కాస్త ఇవతల వదిలేస్తే వాటంతట అవే పాక్కుంటూ పోతాయి. వాటిలో ఆడవి మళ్లీ ఒడ్డెక్కేది పదేళ్లు దాటాకే.