జారిన క్యాచు



సంఘ పత్రికలో క్రికెట్ గురించి వ్రాయడమేమిటని పెద్దలు కొందరు అనుకోవచ్చు. ఆ మాట మేమూ చాలాకాలం అన్నవారమే. బ్యాటు పట్టిన చేయి బైబిలు పట్టదని యౌవనస్థుల కూటములలో ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. అయితే కొంతకాలంగా ఒక క్రికెట్ కెప్టెన్ జీవితము మా మనస్సును వదలడం లేదు. ఎందుకో చెప్పాలంటే ముందుగా మా తప్పు చెప్పుకోవాలి.

మేము పరిచర్య చేసే గ్రామము కృష్ణా డెల్టాలోనిది. ఏటా సంక్రాంతికి హైస్కూలు వెనుక మైదానంలో టెన్నిస్ బంతితో పోటీలు పెడతారు. చుట్టుపక్కల ఊళ్ళ జట్లు వస్తాయి. మా పేట కుర్రవాళ్ళు చిన్నప్పటినుండి గట్టు మీద కూర్చుని ఆ ఆట చూసేవారు, కాలువలో పడ్డ బంతి తీసి అందించేవారు. సొంత జట్టు కట్టి పేరు ఇచ్చి ఆడడం మొదలుపెట్టి ఎన్నో ఏండ్లు కాలేదు. ఆ సంవత్సరం మొదటిసారి ఫైనలుకు వెళ్ళారు. వారి కెప్టెన్ మా మందిరములో డోలక్ వాయించే అబ్బాయి. ఫైనలు ఆదివారం ఉదయం పడింది.

శనివారం దీపాలు పెట్టే వేళ ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. "అయ్యగారున్నారాండి అమ్మగారూ" అని వాకిట్లో అడగడం లోపలి గదిలో ఉన్న మాకు వినబడింది. ఎందుకు వచ్చాడో మాకు తెలుసు. ఆడమంటే సంఘ పెద్దలకు కోపం. వద్దంటే పేటలో సగం మందికి కోపం. నిద్రపోతున్నామని చెప్పమని మా సతీమణికి సైగ చేశాము. ఆమె అలాగే చెప్పింది. అబ్బాయి కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

మరునాడు డోలక్ లేకుండానే పాటలు పాడుకున్నాము. అక్కడ వాళ్ళు ఓడిపోయారు. చివరి ఓవర్లో పైకి లేచిన క్యాచు కెప్టెన్ చేతుల్లో పడి జారిపోయిందట. తరువాతి ఆదివారం అతడు వచ్చి ఎప్పటి చోటే కూర్చున్నాడు. మేము ప్రసంగం మధ్యలో అతణ్ణి లేపి నిలబెట్టి, దేవుని దినమును మీరినవాని చేతిలో బంతి ఎలా నిలుస్తుందని అడిగాము. కొందరు నవ్వారు. స్త్రీల వైపు కూర్చున్న అతని తల్లి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అతడు డోలక్ గోడకు ఆనించి బయటకు నడిచాడు. ఆ తరువాత పదకొండు నెలలు మందిరములో అడుగు పెట్టలేదు.

ఆ రోజుల్లోనే ఒక పాత పుస్తకము గుర్తుకు వచ్చింది. వేదాంత డిప్లొమా చదివేటప్పుడు గ్రంథాలయములో చేతికి తగిలినది. పేరు 'పార్సన్స్ పిచ్', అచ్చయినది 1964లో. వ్రాసినవారు డేవిడ్ షెప్పర్డ్. ఒకప్పటి ఇంగ్లండు కెప్టెన్. గురువుగా అభిషేకము పొంది కూడా టెస్టు క్రికెట్ ఆడినవారిలో ఆయనే మొదటివారు. అప్పుడు సరదాగా తిరగేసి పెట్టేశాము. ఇప్పుడు ఆ మనిషి వచ్చి మా ఎదుట కూర్చున్నట్టయింది.

షెప్పర్డ్ 1929లో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదువుతుండగా 1949లో బార్న్‌హౌస్ అనే అమెరికా బోధకుని ప్రసంగము విని తన జీవితమును ప్రభువునకు అప్పగించుకున్నారు. మరు సంవత్సరమే దేశము తరఫున ఆడారు. 1952లో ఓవల్ మైదానంలో మన భారత జట్టు మీద 119 పరుగులు చేశారు. అప్పుడు మన కెప్టెన్ విజయ్ హజారే, సాంగ్లీకి చెందిన క్రైస్తవుడు. మన హైదరాబాదు వాడైన గులాం అహ్మద్ కూడా ఆ జట్టులో ఉన్నారు. 1953లో షెప్పర్డ్ సస్సెక్స్ కౌంటీకి కెప్టెనై జట్టును రెండవ స్థానానికి తెచ్చారు. 1954లో లెన్ హట్టన్ అస్వస్థుడైనప్పుడు పాకిస్తాను మీద రెండు టెస్టులకు ఇంగ్లండును నడిపించారు. ఒకటి గెలిచారు, ఒకటి వర్షము పాలయింది. ఆ ఏడాది ఆస్ట్రేలియా పర్యటనకు ఆయననే నాయకునిగా పంపాలని కొందరు గట్టిగా పట్టుబట్టారు. అప్పటికే ఆయన వేదాంత విద్యార్థి. చివరకు హట్టనే వెళ్ళారు. షెప్పర్డ్ 1955లో అభిషేకము పొందారు.

ఆట తెలియని అక్కలకు, అమ్మలకు ఒక మాట. ఫుట్‌బాలులో శిక్షకుడు గట్టున నిలబడి కేకలు వేస్తాడు. క్రికెట్‌లో అలా కాదు. ఎవరి చేత బంతి వేయించాలి, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి అన్నది మైదానంలో ఉన్న కెప్టెనే చూసుకోవాలి. ఒక మనిషిని ఎడమకు జరిపితే, మరుక్షణమే బంతి కుడివైపున ఖాళీ చేసిన చోటికే పోతుంది. వేలమంది చూస్తారు. అప్పుడు లోపలి గదిలోకి వెళ్ళి పడుకోవడానికి వీలుండదు.

1957లో షెప్పర్డ్ లండను తూర్పు భాగములో ఓడరేవు కూలీలుండే కానింగ్ టౌనుకు వెళ్ళి, మేఫ్లవర్ అనే కేంద్రములో పరిచర్య మొదలుపెట్టారు. యుద్ధములో బాంబులు పడి దెబ్బతిన్న ప్రాంతమది. అక్కడి కార్మికులకు సంఘమంటే దొరల వ్యవహారమే. ఆయన కూడా కేంబ్రిడ్జి దొరే కదా. అందుకే బయటినుండి పెద్దలను తెచ్చి పెట్టకుండా, అక్కడి కూలీల్లోనుండే నాయకులు లేవాలని పన్నెండేండ్లు కష్టపడ్డారు. నగర సంఘముల గురించి తరువాత ఆయన వ్రాసిన పుస్తకములలోనూ ఇదే తలంపు కనబడుతుంది. మోషే మామ యిత్రో చెప్పిన సలహాను మేము ఎన్నిసార్లు ప్రసంగించలేదు! మందిరము తాళపుచెవి మాత్రము మా జేబులోనే ఉంటుంది.

ఆయన ఇంటి సంగతి కూడా చెప్పాలి. భార్య గ్రేస్‌కు పెళ్ళయిన కొత్తలోనే తీవ్రమైన భయము అనే జబ్బు పట్టుకుంది. ఇల్లు దాటి నలుగురిలోకి వెళ్ళాలంటే వణుకు. బిషపు భార్య అయిన తరువాత కూడా ఆమె దానితో పోరాడుతూనే వచ్చారు. దాచుకోకుండా 1989లో 'యాన్ ఆస్పెక్ట్ ఆఫ్ ఫియర్' అనే పుస్తకము వ్రాశారు. నాయకుని మీద పడిన బరువులో కొంత ఇంటివారి మీదకు జారుతుంది, అది ఎవరికీ కనబడదు. ఆ శనివారం మా బదులు అబద్ధమాడినది మా సతీమణి. "మీ నిద్ర సంగతి నేను ఆ తల్లికి ఎప్పుడు చెప్పుకోను?" అని ఆమె అడిగినప్పుడు మాకు కోపమే వచ్చింది.

అన్నిటికంటె మమ్మల్ని పట్టుకున్నది మెల్‌బోర్న్. 1962-63 శీతకాలములో షెప్పర్డ్ పరిచర్యనుండి సెలవు తీసుకుని మళ్ళీ ఇంగ్లండు జట్టుతో ఆస్ట్రేలియా వెళ్ళారు. ఒకప్పుడు తాను నడిపిన జట్టులో ఇప్పుడు టెడ్ డెక్స్‌టర్ క్రింద మామూలు ఆటగాడు. అప్పట్లో టెస్టు మధ్యలో ఆదివారం విశ్రాంతి దినము గనుక ఆదివారములు ప్రసంగించేవారు, జనము కిక్కిరిసేవారు. మైదానంలో మాత్రం క్యాచులు వదిలేశారు. ఒకటి కాదు. ప్రార్థనలో చేతులు జోడించే గురువుగారికి బంతి దగ్గర మాత్రం చేతులు జోడించడం రావడం లేదని తోటి ఆటగాడు ఫ్రెడ్ ట్రూమన్ వేళాకోళమాడిన మాట దేశదేశాలూ తిరిగింది. మెల్‌బోర్న్ టెస్టు మొదటి ఇన్నింగ్సులో సున్నాకు అవుటయ్యారు. రెండవసారి దిగి 113 పరుగులు చేశారు. గెలుపు అంచున నిలిచి రనౌటయ్యారు. ఇంగ్లండు ఏడు వికెట్లతో గెలిచింది.

ఆ శతకము గురించి అందరూ వ్రాస్తారు. మా కన్ను సున్నాకూ శతకానికీ మధ్య ఉన్న రోజుల మీదనే నిలిచిపోయింది. ఆ రోజుల్లో ఆయన గురువు అంగీ వేసుకుని వేలమంది ఎదుట నవ్వులపాలై, మళ్ళీ అదే మైదానంలోకి నడిచారు. ఆదివారము మీరినవాని చేతిలో బంతి నిలవదని మేము చెప్పాము గదా, మరి ఆదివారమంతా వాక్యము చెప్పిన ఈయన చేతిలో ఎందుకు నిలవలేదు? ఈ ప్రశ్న మాలో లేచిన రాత్రి మా ప్రసంగము ఎంత తేలికైనదో మాకే తెలిసిపోయింది.

ఇంకొక సంగతి. దక్షిణాఫ్రికాలో అప్పుడు తెల్లవారికే జట్టులో చోటు. 1960లో ఆ జట్టు ఇంగ్లండు వచ్చినప్పుడు వారితో ఆడనని షెప్పర్డ్ బహిరంగముగా ప్రకటించారు. 1968లో కేప్ టౌనులో పుట్టిన నల్లజాతి సంకర కుటుంబీకుడు బాసిల్ డాలివేరా ఇంగ్లండు తరఫున ఓవల్‌లో 158 పరుగులు చేసినా, దక్షిణాఫ్రికా పర్యటనకు మొదట అతణ్ణి ఎంపిక చేయలేదు. మరొకరు తప్పుకున్నాక చేర్చితే, అక్కడి ప్రభుత్వము ఒప్పుకోలేదు. పర్యటన రద్దయింది. ఆ డిసెంబరులో క్రికెట్ పెద్దల సభలో వారి తీరును తప్పుపట్టే తీర్మానము ప్రవేశపెట్టినది షెప్పర్డే. దానిని బలపరచినది తరువాత ఇంగ్లండు కెప్టెన్ అయిన మైక్ బ్రియర్లీ. ఓట్లలో ఓడిపోయారు. 1970 పర్యటన రద్దయ్యేవరకు ఆయన మాట ఆపలేదు. తరువాత 1975 నుండి 1997 వరకు లివర్‌పూల్ బిషపుగా ఉండి, 2005లో ప్రభువునందు నిద్రించారు.

ఆ తీర్మానము సంగతి తలచుకున్నప్పుడల్లా మా పేట కుర్రవాళ్ళు గట్టు మీద కూర్చున్న ఏండ్లు గుర్తుకు వచ్చేవి. మైదానంలోకి వాళ్ళు దిగిన మొదటి ఫైనలు అది. పోటీ కమిటీతో మాట్లాడి ఆట మధ్యాహ్నానికి మార్చమని అడగవలసినవాడు ఎవరు? కాపరి. ఆ కమిటీవారి ఎదుటికి వెళ్ళడానికీ మాకు జంకే. ఆ జంకును పులిపీఠము ఎక్కి ఒక అబ్బాయి మీద దించాము. ఆదివారము ఆరాధన మాని ఆడడం మంచిదని మేము ఇప్పటికీ అనము. అయితే అనవలసిన మాట శనివారం, అతని ముఖము చూసి అని ఉండవలసింది.

క్రిస్మసుకు ముందు ఒక రాత్రి వాళ్ళింటికి వెళ్ళాము. అతడు టైల్స్ పనినుండి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. తల్లి కుర్చీ తుడిచి వేసింది. ఆ శనివారం మేము మెలకువగానే ఉన్నామని చెప్పాము. అతడు చాలాసేపు మాట్లాడలేదు.

"తెలుసండి అయ్యగారూ," అన్నాడు చివరకు. "కిటికీలోంచి మీ నీడ కనబడింది."

తరువాత మరి కాసేపటికి, "ఆ క్యాచు ఎండ కళ్ళల్లో పడి జారిందండి" అన్నాడు.

వచ్చిన ఆదివారం, అతణ్ణి నిలబెట్టిన చోటినుండే ఈ సంగతి సంఘమునకు చెప్పాము. ఒక పెద్దాయన ఆరాధన అయ్యాక మమ్మల్ని పక్కకు పిలిచి, కాపరి మంద ఎదుట ఇంత చులకన కాకూడదని మందలించారు. ఆయనకు ఇంకా కోపము తగ్గలేదు. అబ్బాయి వస్తున్నాడు గాని వెనుక చాప మీద, గుమ్మం ప్రక్కన కూర్చుంటాడు. డోలక్ ఇప్పుడు అతని తమ్ముడు వాయిస్తున్నాడు.

మరుసటి సంక్రాంతికి ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని కమిటీ దగ్గరకు వెళ్ళాము. మేము భయపడినంత ఏమీ లేదు. ఆదివారం ఆట రెండు గంటల తరువాత పెట్టుకుందామన్నారు, టీ కూడా ఇచ్చారు. పోటీకి ముందు సాధన చేస్తుంటే ఒకడు తక్కువయ్యాడని కుర్రవాళ్ళు మమ్మల్ని లోపలికి లాగారు. ఎక్కడ నిలబడాలో కెప్టెన్ చెప్పాడు. పడమర ముఖంగా, కాలువ గట్టు దగ్గర. "ఇక్కడేనండి అయ్యగారూ, చూడండి" అన్నాడు. నాలుగున్నర అయింది. రెండు బంతులు మా వైపు వచ్చాయని తరువాత చెప్పారు. మాకు ఒక్కటీ కనబడలేదు.