ఆదివారం మాత్ర

మొన్న సంక్రాంతికి వట్లూరు వెళ్ళినప్పుడు అమ్మ మందుల డబ్బా సర్దుతూ కూర్చున్నాను. ఏలూరు మందుల షాపు వాళ్ళిచ్చిన డిస్కౌంటు కార్డు, రబ్బరు బ్యాండు వేసి దాచిన బిల్లులు, వాటి అడుగున గడువు దాటిన రెండు మెథోట్రెక్సేట్ స్ట్రిప్పులు. ఒక్కో దాంట్లో సగం మాత్రలు అలాగే ఉన్నాయి.

అమ్మకి రుమటాయిడ్ కీళ్ళవాతం. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి ఎక్కువగా వచ్చే జబ్బు. ఈ మాత్ర వారానికి ఒక్కసారే, ఆదివారం వేసుకోవాలి. మర్నాడు ఫోలిక్ యాసిడ్.

“ఇవి మిగిలిపోయాయేంటమ్మా?”

“నొప్పి లేని వారం ఎందుకే దండగ! మీ నాన్నగారి షుగరు మాత్రలు, బీపీ మాత్రలు ముందు చూడాలి కదా. కార్డు మీద తగ్గించినా నెల బిల్లు నెల బిల్లే.”

నాన్నకి ఒక్కపూట కూడా మాత్ర తప్పదు. తప్పకుండా చూసేది అమ్మే.

అమ్మకి కార్డుల మీద నమ్మకం అమెరికాలో కుదిరింది. 2020 మార్చిలో విమానాలు ఆగిపోయినప్పుడు తను న్యూజెర్సీలో అక్క దగ్గర చిక్కుకుపోయింది. తీసుకెళ్ళిన మందులు అయిపోయాయి. విజిటర్లకి తీసుకునే బీమా పాత జబ్బుల మందులకి పనికిరాలేదు. అక్కడి డాక్టరు చీటీ రాశాక అక్క ఫోనులో ఒక డిస్కౌంటు కార్డు చూపించింది. కౌంటరు దగ్గర చెప్పిన ధర బాగా తగ్గింది. “బీమా లేకపోయినా ఎంత మంచివాళ్ళే!” అని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

అది మంచితనం కాదు, వ్యాపారం. అక్కడ బీమా కంపెనీల తరఫున మందుల ధరలు బేరమాడే మధ్యవర్తి సంస్థలున్నాయి. అవి ఫార్మసీలతో కుదుర్చుకున్న ధరని బీమా లేనివాళ్ళకి కూడా అందుబాటులోకి తెచ్చేదే ఈ కార్డు. దాని మీద ఉండే నంబర్లు ఆ ధరకి తాళంచెవులు. కొన్న ప్రతిసారీ ఫార్మసీ నుంచి మధ్యవర్తికి కొంత రుసుము, అందులోంచి కార్డు కంపెనీకి వాటా. కార్డు బీమా కాదు. అందుకే షాపుషాపుకీ ధర మారుతుంది. బీమా ఉన్నవాళ్ళు కార్డు మీద కొంటే ఆ ఖర్చు సాధారణంగా బీమా లెక్కలోకి రాదు.

ఆ మాత్ర సంగతి ఇంకొకటుంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ లేబొరేటరీలో నడిపిన పరిశోధనల్లోంచే ఫోలిక్ యాసిడ్ తయారీ, మెథోట్రెక్సేట్ వచ్చాయి. మన ఉమ్మడి జిల్లా మనిషి చేతి చలవ, సముద్రాలు దాటి, మా అమ్మకి కూపను ధరకి దొరికింది!

మరి ఏలూరు కార్డు? ఇక్కడ మధ్యవర్తి లేడు. ఎమ్మార్పీలో షాపు లాభం ముందే కలిసి ఉంటుంది. అందులోంచే కొంత వదులుకుని మనల్ని మళ్ళీ తన షాపుకే రప్పించుకుంటారు. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి గరిష్ట ధర కట్టేటప్పుడు షాపుకి 16 శాతం లాభం కలుపుతారు. మిగతావాటి ఎమ్మార్పీ కంపెనీయే వేసుకుంటుంది, ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు. అంటే తగ్గింపు ఎంత అన్నదానికన్నా దేనిమీద తగ్గించారన్నది ముందు చూడాలి. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాల్లో అదే మందు బ్రాండు ధర కన్నా 50 నుంచి 80 శాతం తక్కువకి దొరుకుతుందని ప్రభుత్వం చెబుతుంది. అక్కడ కార్డు అక్కర్లేదు, మందు అసలు పేరు తెలిస్తే చాలు. ఆ పేరు డాక్టరుని అడిగి రాయించుకునే ధైర్యం మన అమ్మల్లో ఎంతమందికుంది?

ఇంకో సంగతి. కార్డు నాన్న ఫోను నంబరు మీద ఉంది. ఏ మందు కొన్నా మెసేజీ ఆయనకే. మా వీధిలో ఒకమ్మాయి గర్భనిరోధక మాత్రలు మాత్రం ఎప్పుడూ నంబరు చెప్పకుండా పూర్తి ధరకి కొంటుంది. భర్త ఫోనుకి ఆ కబురు వెళ్ళకూడదు కాబట్టి. మనం నవ్వి ఊరుకుంటాం గానీ, 2023లో అమెరికాలో గుడ్ఆర్ఎక్స్ అనే కార్డు కంపెనీ వాడకందార్ల ఆరోగ్య సమాచారం ఫేస్‌బుక్, గూగుల్‌లకి చేరవేసిందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 15 లక్షల డాలర్ల జరిమానాకి సిద్ధపడింది. తగ్గింపుకి మనం ఇచ్చే ధర అదన్నమాట.

ఇన్ని లెక్కలు చెప్పాక ఒక విషయం ఒప్పుకోవాలి. మెథోట్రెక్సేట్ అత్యవసర జాబితాలోనే ఉంది. ఆ డబ్బాలో అంత ఖరీదైన మందేమీ కాదు. అమ్మ దాన్ని మానేసింది ధర వల్ల కాదు. ఇంటి ఖర్చుల వరసలో తన ఒళ్ళు ఆఖరున ఉంది కాబట్టి. ఏ కార్డూ ఆ వరస మార్చదు. సాహిత్యంలో స్త్రీల త్యాగం మీద పేజీలకి పేజీలు రాసిన నాకు, ఇన్నేళ్ళూ అమ్మ మందుల డబ్బా తెరిచి చూడాలని తోచనేలేదు!

బయల్దేరే ముందు కార్డు మీద నాన్న నంబరు తీయించి అమ్మది పెట్టించాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, మధ్యలో మానేసిన సంగతి ఆమె చేతే చెప్పించాను. ఇప్పుడు ప్రతి ఆదివారం రాత్రీ ఫోను చేస్తాను.

“వేసుకున్నాలేవే,” అంటుంది.

ఇంకా నమ్మకం కుదరక, “స్ట్రిప్పులో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి చెప్పమ్మా,” అంటాను.