మణికట్టుకో లాయరు

చెయ్యి విరిగితే దెబ్బ అంటారు. ఆరేళ్ళు కీబోర్డు బాది బాది మణికట్టు పాడైతే దాన్ని మనవాళ్ళెవరూ దెబ్బ అనరు. "నిద్ర సరిగ్గా పో, బీ12 టెస్టు చేయించుకో" అంటారు. కాలిఫోర్నియా చట్టం మాత్రం దాన్నీ దెబ్బే అంటుంది. నిచ్చెన మీంచి పడితే తగిలే గాయం ఒక రకం, రోజూ చేసే పని వల్ల కొంచెం కొంచెంగా పోగుపడే గాయం ఇంకో రకం. రెండోదానికి 'క్యుములేటివ్ ట్రామా' అని పేరు.

నాకు 2024లో మొదలైంది. అర్ధరాత్రి మెలకువ వచ్చేది, బొటనవేలూ చూపుడువేలూ మధ్యవేలూ మొద్దుబారిపోయి. మొదట్లో చెయ్యి విదిలిస్తే తగ్గేది, తర్వాత్తర్వాత అదీ లేదు. నరాలకి కరెంటు పెట్టి చూసి కార్పల్ టనెల్ అన్నారు. మణికట్టు దగ్గర ఇరుకు సందులోంచి వెళ్ళే నరం నొక్కుకుపోతోందన్నమాట. కుడిచెయ్యి జారి కాఫీ కప్పు పగిలిన రోజున మా ఆవిడ "ఇంక ఆఫీసులో చెప్పెయ్" అంది.

చెప్పడం దగ్గరే ఉంది అసలు చిక్కు. హెచ్-1బీ వాడికి ఉద్యోగం పోతే చేతిలో ఉండేవి మహా అయితే 60 రోజులు. మా టీములో సీనియరు ఒకాయన (చాలా మంచాయన, అందులో సందేహం లేదు) "తమ్ముడూ, ఐ-140 అయ్యేదాకా ఓపిక పట్టు, కంపెనీ మీద కేసేశాడని పేరొస్తే కష్టం" అన్నాడు. ఇంకో ఫ్రెండు "మన ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగరా" అన్నాడు. ఆ 'మన' అన్నమాట దగ్గర కాస్త ఆగండి. ఆయనకి ఫీజు ఇచ్చేది కంపెనీ. నేను చెప్పింది నా దగ్గరే ఆగుతుందన్న నమ్మకం ఏదీ?

అసలు ఇది కంపెనీ మీద కేసు కానే కాదు. 1913లో కాలిఫోర్నియా ఈ పద్ధతిని తప్పనిసరి చేసింది. దీని లెక్కేంటంటే, తప్పు యజమానిదని పనివాడు రుజువు చెయ్యక్కర్లేదు, దానికి బదులు మామూలుగా సివిల్ కోర్టుకి వెళ్ళి దావా వెయ్యడానికి లేదు. డబ్బిచ్చేది చాలాచోట్ల ఇన్సూరెన్సు కంపెనీ. మన దేశంలో 1923లో వచ్చిన చట్టం కూడా ఇంచుమించు ఇదే దారిలో నడిచింది. మా పెదనాన్నకి జిన్నింగు మిల్లులో రెండు వేళ్ళు పోతే లేబరాఫీసు ద్వారా డబ్బొచ్చింది. ఊరంతా "మిల్లు మీద కేసేశాడు" అని చెప్పుకున్నారు. ఆయన మాత్రం అదే మిల్లులో రిటైరయ్యాడు.

వీసా ఏదైనా ఈ హక్కు ఉంటుంది. క్లెయిము వేశావని ఉద్యోగంలోంచి తీసెయ్యడం కూడా నేరమే (లేబర్ కోడులో 132ఏ). లేఆఫుల కాలంలో కారణం ఇదేనని నిరూపించడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. భయం ఉత్తిదే అని నేనననుగానీ, ఆ భయానికి కుడిచెయ్యి ఇచ్చుకోవడం మరీ ఎక్కువ రేటు.

సరే, చెప్పాను. హెచ్ఆర్ అమ్మాయి మర్యాదగానే మర్నాడు డీడబ్ల్యూసీ-1 ఫారం పంపింది. ఫారం ఇచ్చాక క్లెయిము ఒప్పుకునేదో లేదో తేలేదాకా 10,000 డాలర్ల వరకు వైద్యం చేయించాలి, 90 రోజుల్లో కాదనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. నాకు ఎర్గోనామిక్ కీబోర్డు నాలుగు రోజుల్లో వచ్చింది. "మీ జబ్బుకి పనే కారణమని ఆధారం లేదు" అన్న ఉత్తరం 67వ రోజున వచ్చింది. టైపింగు వల్లే ఇది వస్తుందా అన్నదాని మీద డాక్టర్లలోనే వాదనలున్నాయి. అవతలివాళ్ళకి ఆ సందు చాలు. అప్పుడు మొదలెట్టాను లాయరు వేట.

హైవే మీద పెద్ద బోర్డు పెట్టుకున్నాయన ఆఫీసుకి ముందు ఫోన్ చేశాను. లాయరు మాట్లాడలేదు, అసిస్టెంటు పది నిమిషాల్లో సంతకానికి లింకు పంపేశాడు. చెయ్యలేదు. రెండో ఆయన నా చెయ్యి ఏదో అడక్కుండానే లక్షల డాలర్లన్నాడు. మూడో ఆవిడ శాన్ హోజేలో చిన్న ఆఫీసు. స్టేట్ బార్ సైటులో పేరు కొడితే లైసెన్సు, క్రమశిక్షణ చర్యలేమైనా ఉంటే అవీ, ఈ విభాగంలో సర్టిఫైడ్ స్పెషలిస్టో కాదో అన్నీ కనిపిస్తాయి. పెళ్ళిసంబంధానికి చేసే వాకబులో పదోవంతు చేసినా చాలు. ఇంకోటి, ఈ రంగంలో కొందరు పనివాళ్ళ తరఫున, కొందరు ఇన్సూరెన్సు తరఫున వాదిస్తారు. ఎటువైపో ముందే అడగండి.

ఆవిడ నన్ను వారాంతాల్లో వీడియో గేములు ఆడతావా, షుగరుందా, థైరాయిడ్ ఉందా అని గుచ్చి గుచ్చి అడిగింది. జబ్బులో పని వాటా ఎంత, మిగతావాటి వాటా ఎంత అని విడగొట్టి, శాశ్వత నష్టానికిచ్చే డబ్బు తగ్గిస్తారట. ముందుగా ఒక్క డాలరు తీసుకోలేదు. కారు యాక్సిడెంటు లాయర్లు మూడోవంతు పట్టుకుపోతారు కదా, ఇక్కడ సాధారణంగా 10 నుంచి 15 శాతం, అదీ జడ్జి ఆమోదిస్తేనే. "నీకొచ్చే డబ్బు పెద్దగా ఉండకపోవచ్చు, వైద్యం హక్కే విలువైనది" అంది. ఆ మాటకే సంతకం పెట్టాను.

ఇప్పుడు వ్యవహారం డాక్టరు దగ్గరుంది. పని వల్లా కాదా అన్నది తేల్చడానికి రాష్ట్రం ముగ్గురు డాక్టర్ల పేర్లు పంపుతుంది. లాయరుంటే అటువాళ్ళొకటి, ఇటువాళ్ళొకటి కొట్టేస్తారు, మిగిలినాయన చూస్తాడు. మూడు పేర్లలో ఏది కొట్టెయ్యాలో నాకెలా తెలుస్తుంది చెప్పండి? ఆవిడకి ముగ్గురి రిపోర్టులూ తెలుసు. లాయరెందుకు అనేవాళ్ళకి నేను చెప్పేది ఇదొక్కటే.

ఒకవేళ గెలిస్తే ఇంకో తలనొప్పుంది. ఒకేసారి డబ్బు తీసుకుని వైద్యం హక్కు వదులుకోవచ్చు, లేదా తక్కువ డబ్బుతో ఆ హక్కు అట్టేపెట్టుకోవచ్చు. ఇక్కడే ఉండిపోయేవాడికి రెండోదే మేలంటోంది లాయరు. గ్రీన్ కార్డు క్యూ చూసి డబ్బే తీసుకుని ఆపరేషన్ హైదరాబాదులో చేయించుకుందామంటోంది మా ఆవిడ. డాక్టరు అపాయింటుమెంటు వచ్చేనెల. ఈలోగా ఎడమచేత్తో మౌస్ పట్టుకోవడం వచ్చేసింది, కోడ్ రివ్యూలు బానే సాగుతున్నాయి.