కేప్ క్లియర్ రేవులో పేర్లు

కార్క్ నుంచి నైరుతిగా పోయేకొద్దీ ఐర్లండ్ నేల సన్నబడి, చివరికి దీవులుగా విడిపోయి సముద్రంలో కలిసిపోతుంది. ఆ అంచున ఉన్న చిన్న రేవు బాల్టిమోర్. స్కిబరీన్ దాటాక రోడ్డు ఇరుకైంది. రెండు పక్కలా ఎర్రటి ఫ్యూషియా పూల కంచెలు. రేవు ముఖద్వారం దగ్గర కొండ కొమ్మున తెల్లగా సున్నం వేసిన స్తంభం ఒకటి కనిపించింది. పడవలవాళ్ళకు అది గుర్తు. బైబిల్ కథలో వెనక్కి తిరిగి చూసి ఉప్పు స్తంభమైపోయిన లోతు భార్య పేరుతో దాన్ని పిలుస్తారు.

కారు నడుపుతున్నది మా అల్లుడు. కార్క్‌లో ఉద్యోగం. సెలవు రోజుల్లో క్రాస్‌హేవెన్ వెళ్ళి తెరచాప పడవల పోటీల్లో సిబ్బందిగా ఎక్కుతాడు. అక్కడున్న రాయల్ కార్క్ యాట్ క్లబ్ తన పుట్టుకను 1720 నుంచి లెక్కపెట్టుకుంటుంది. ప్రపంచంలో అంతకన్నా పాత పడవల క్లబ్ లేదంటారు. ఎప్పటికైనా ఫాస్ట్‌నెట్ పోటీకి వెళ్ళాలన్నది అతని కోరిక. మా అమ్మాయికి అది ఇష్టం లేదు. ఆ సంగతి మా ముందు ఎత్తినప్పుడు అతను వాదించలేదు. "మామయ్యగారూ, ఒకసారి కేప్ క్లియర్ దీవి చూసొద్దాం రండి" అన్నాడు. అలా మొదలైంది ఈ ప్రయాణం.

ఫాస్ట్‌నెట్ పోటీ 1925లో ఏడు పడవలతో మొదలైంది. ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న వైట్ దీవి నుంచి బయల్దేరి, ఐర్లండ్ దాపున ఉన్న ఫాస్ట్‌నెట్ రాయిని చుట్టి, తిరిగి ప్లిమత్ చేరేవారు. అప్పటి దూరం దాదాపు 605 నాటికల్ మైళ్ళు. 2021 నుంచి గమ్యాన్ని ఫ్రాన్స్‌లోని షెర్బూర్‌కు మార్చారు. తొలి పోటీ గెలిచిన పడవ జోలీ బ్రీజ్. ఆ పోటీ ముగిసిన చోటే, ప్లిమత్‌లో, అందులో పాల్గొన్నవాళ్ళు కలిసి పెట్టుకున్న క్లబ్బే తర్వాత రాయల్ ఓషన్ రేసింగ్ క్లబ్ అయింది. కలిసి తడిసి, కలిసి గట్టెక్కినవాళ్ళు కట్టుకున్న కూటమి అది. ఒకరి పడవలో ఒకరు ఎక్కుతారు, ఒకరి పిల్లలకు ఒకరు చుక్కాని పట్టడం నేర్పుతారు. అందుకే ఆ కూటమిలో ఒకరు పోతే ఆ పోవడం ఒక్క ఇంటితో ఆగదు.

బాల్టిమోర్ నుంచి కేప్ క్లియర్‌కు ఫెర్రీలో ముప్పావుగంట ప్రయాణం. షెర్కిన్ దీవి పక్కనుంచి దాటాం. బయటి సముద్రం తగలగానే పడవ లేచి పడడం మొదలెట్టింది. మా అల్లుడి చేయి అలవాటుగా పక్కనున్న కమ్మీని పట్టుకుంది. ఒక చేయి పడవకి, ఒక చేయి ప్రాణానికి అని తన పక్కన తెరచాప లాగే పెద్దాయన నేర్పాడట.

1979 ఆగస్టు 11న ఫాస్ట్‌నెట్ పోటీకి 303 పడవలు బయల్దేరాయి. మొదట్లో గాలి నెమ్మదిగానే ఉంది. 13వ తేదీ రాత్రి అట్లాంటిక్ మీద అల్పపీడనం ఒకటి చూస్తుండగానే ముదిరింది. అప్పటికి పెద్ద పడవలు రాయిని చుట్టేసి వెనక్కి తిరిగాయి. ముప్పై, నలభై అడుగుల పడవలు మాత్రం ఇంగ్లండ్ కొసకూ ఐర్లండ్‌కూ మధ్య, దాక్కోవడానికి ఏ ఒడ్డూ లేని చోట చిక్కాయి. నైరుతి నుంచి వీస్తున్న గాలి వాయవ్యానికి తిరిగింది. పాత అలలు ఒక దిక్కు నుంచి, కొత్త అలలు ఇంకో దిక్కు నుంచి వచ్చి ఢీకొన్నచోట నీళ్ళు గోడలా లేచి విరిగిపడ్డాయి. ఎన్నో పడవలు పక్కకి ఒరిగిపోయాయి. కొన్ని పూర్తిగా తలకిందులై మళ్ళీ లేచాయి. 24 పడవలను జనం వదిలేసుకోవాల్సి వచ్చింది. పోటీలో ఉన్నవాళ్ళలో 15 మంది చనిపోయారు. పోటీలో లేకుండా ఆ దారినే వెళ్తున్న పడవల్లోనూ ప్రాణాలు పోయాయి. బ్రిటన్ హెలికాప్టర్లు, ఐర్లండ్ నౌకాదళం, పోటీకి కాపలాగా వచ్చిన డచ్చి యుద్ధనౌక, రెండు దేశాల లైఫ్‌బోట్లు కలిసి వంద మందికి పైగా బతికించాయి. బాల్టిమోర్ లైఫ్‌బోటూ ఆ రాత్రి అలల్లోకి వెళ్ళింది. దాన్ని నడిపేది ఊరివాళ్ళే. పిలుపు రాగానే చేస్తున్న పని వదిలేసి వెళ్ళే స్వచ్ఛంద సేవకులు.

కేప్ క్లియర్ నార్త్ హార్బర్‌లో దిగాం. నూరుకు కాస్త పైన జనాభా ఉన్న దీవి. ఇక్కడివాళ్ళు ఇప్పటికీ ఐరిష్ మాట్లాడతారు. బోర్డులన్నీ ఆ భాషలోనే. రేవులోనే ఉంది 1979లో పోయినవాళ్ళ స్మారకం. రాతి మీద పేర్లు. పూలమాలలు లేవు, విగ్రహం లేదు. మా అల్లుడు టోపీ తీసి నిలబడి, ఒక్కో పేరూ పెదాలు కదుపుతూ చదివాడు. వాళ్ళలో ఎవరూ అతనికి తెలియదు. ఆ తుఫాను నాటికి అతను పుట్టనేలేదు. అయినా ఎవరు ఏ పడవలో ఉన్నారో, ఎలా పోయారో చెప్పుకుంటూ పోయాడు. పోటీలకు వెళ్ళే సాయంత్రాల్లో పాతవాళ్ళు చెబుతుంటారట.

గ్రిమాల్కిన్ కథ ఆ రాతి ముందే విన్నాను. ముప్పై అడుగుల పడవ, ఆరుగురు మనుషులు. యజమాని డేవిడ్ షీహన్. ఆయన కొడుకు మాథ్యూకి అప్పుడు పదిహేడేళ్ళు, అదే పడవలో ఉన్నాడు. పడవ బోర్లాపడినప్పుడు నడుముకు కట్టుకున్న తాడు షీహన్‌ను పడవ కిందే పట్టేసింది. విడిపించడానికి ఆ తాడు కోశారు. కానీ ఆయన నీళ్ళలో కొట్టుకుపోయాడు. మిగిలినవాళ్ళలో ముగ్గురు, కదలిక లేని ఇద్దరు ప్రాణాలతో లేరనుకుని, రబ్బరు తెప్పలోకి దిగిపోయారు. ఆ ఇద్దరూ బతికే ఉన్నారు. ఒకరు గెరీ వింక్స్. కొద్దిసేపటికే ఆయన ప్రాణం పోయింది. రెండోవాడు నిక్ వార్డ్. సగం నీళ్ళు నిండిన పడవలో, స్నేహితుడి దేహం పక్కన, ఆ దేహంతో మాట్లాడుతూ, బకెట్టుతో నీళ్ళు తోడుతూ హెలికాప్టరు వచ్చేదాకా గంటల తరబడి గడిపాడు. చాలా ఏళ్ళ తర్వాత, 2007లో ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశాడు. మాథ్యూ షీహన్ సముద్రాన్ని వదల్లేదు. పడవల పోటీల గురించి రాసే పేరున్న పాత్రికేయుడయ్యాడు.

తండ్రిని మింగిన నీటి దగ్గరకే కొడుకు మళ్ళీ ఎలా వెళ్ళగలిగాడని అడిగాను. మా అల్లుడు కాసేపు ఆలోచించి, "వెళ్ళకపోతే నాన్న గురించి మాట్లాడుకోవడానికి ఆయనకి ఎవరుంటారు మామయ్యగారూ? ఆ మనుషులంతా ఉండేది ఇక్కడేగా" అన్నాడు.

నాకు మా దివిసీమ గుర్తొచ్చింది. 1977 నవంబరు 19 ఉప్పెన వచ్చిన సీమ అది. ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. మా పెద్దవాళ్ళు తేదీలన్నీ ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత అని చెప్పేవారు. తర్వాత తీరం పొడవునా తుఫాను షెల్టర్లు లేచాయి. గాలివాన వచ్చినప్పుడు పిల్లల్నీ ముసలివాళ్ళనీ తీసుకుని ఆ మేడల్లోకి వెళ్ళేవాళ్ళం. పోయినవాళ్ళ కోసం ఏటా దీపం పెట్టుకోవడం ఎంత నిజమో, వాళ్ళ వల్ల లేచిన ఆ గోడల మధ్య ప్రాణాలతో తెల్లారడమూ అంతే నిజం. కేప్ క్లియర్ రాతి ముందు నిలబడినప్పుడు ఈ మనుషులు నాకు పరాయివాళ్ళనిపించలేదు.

మధ్యాహ్నం ఇంకో పడవలో ఫాస్ట్‌నెట్ రాయి దాకా వెళ్ళాం. కేప్ క్లియర్‌కు నైరుతిగా ఆరు కిలోమీటర్లకు పైగా దూరం. వట్టి బండరాయి, దాని మీద దీపస్తంభం. 1847లో స్టీఫెన్ విట్నీ అనే ఓడ ఈ దాపున మునిగి తొంభై మందికి పైగా చనిపోయాక ఇక్కడ మొదటి దీపస్తంభం కట్టారు. ఇప్పుడున్నది 1904లో పూర్తయింది. కార్న్‌వాల్ నుంచి తెచ్చిన రెండు వేలకు పైగా గ్రానైట్ రాళ్ళను ఒకదానిలో ఒకటి కొలికి వేసి పేర్చారు. దగ్గరికెళ్ళినా ఆ అతుకులు కంటికి ఆనవు. 1989 నుంచి అక్కడ మనుషులు లేరు, అయిదు సెకన్లకోసారి వెలిగే దీపం ఒక్కటే ఉంది. అమెరికాకు వలసపోయే ఐరిష్ జనానికి సొంత దేశంలో చివరగా కనబడే ముక్క ఇదే కాబట్టి దీనికి ఐర్లండ్ కన్నీటిచుక్క అని పేరొచ్చింది.

పడవ రాయి చుట్టూ తిరుగుతుండగా మా అల్లుడు తన సంచిలోంచి హార్నెస్ తీసి చూపించాడు. గట్టి నవారు పట్టీ, దానికో తాడు, తాడు చివర ఉక్కు కొక్కెం. మామూలు కొక్కెంలా ఒక్క నొక్కుకే ఊడదు. ఇటూ అటూ కలిపి నొక్కితేనే తెరుచుకుంటుంది. తాడు బిగుసుకున్నా మనిషి తన వైపు నుంచి విడిపించుకునే ఏర్పాటూ ఉంది. "దీంట్లో ప్రతిదానికీ ఒక పేరుంది మామయ్యగారూ" అన్నాడు.

ఆ మాట పూర్తిగా నిజం. 1979 డిసెంబరుకల్లా విచారణ నివేదిక వచ్చింది. తాళ్ళూ కొక్కేలూ తెగి కొందరు పోయారని తేలింది. వాటి కొలతలు మారాయి. 15 మందిలో ఏడుగురు లైఫ్ రాఫ్టుల్లోకి, అంటే ఆ రబ్బరు తెప్పల్లోకి, దిగే గందరగోళంలోనో, ఆ రాఫ్టులు చినిగిపోయో పోయారు. వాళ్ళు వదిలేసిన పడవల్లో చాలావరకు ఆ తర్వాత నీటి మీదే తేలుతూ దొరికాయి. పడవ కాళ్ళ కింద ఉన్నంతసేపూ దాన్ని వదలకు, రాఫ్టులోకి దిగాల్సింది కాదు, ఎక్కాల్సింది అన్న పాఠం అక్కడ పుట్టింది. కింది గది ద్వారానికి పెట్టే పలకలు పడవ బోర్లాపడినా ఊడకూడదు. బ్యాటరీలూ పొయ్యీ కదలకుండా బిగించాలి. రేడియో తప్పనిసరి. తుఫాను తెరచాప తప్పనిసరి. ఊరికే డబ్బు కట్టి పేరు రాయించుకుంటే చాలదు, సిబ్బందిలో తగినంతమంది ముందే కలిసి సముద్రంలో పోటీ చేసి ఉండాలి, ప్రాణరక్షణ శిక్షణ తీసుకుని ఉండాలి.

పోటీ మొదలయ్యే కౌస్ పట్నంలో, హోలీ ట్రినిటీ చర్చిలో ఈ పోయినవాళ్ళకు ఇంకో స్మారకం ఉంది. పోటీకి దారి ఒకటి, దాని రెండు కొసల్లోనూ పేర్లు. నాకు మాత్రం మూడో స్మారకం అన్నిటికన్నా పెద్దదనిపించింది. పోటీకి ముందు రేవులో ఒకరి తాళ్ళు ఒకరు లాగి చూసుకుంటారే, అది.

2011 ఆగస్టులో, అదే పోటీలో, ఫాస్ట్‌నెట్ రాయిని చుట్టిన కాసేపటికే రాంబ్లర్ 100 అనే పెద్ద పోటీ పడవకు అడుగున బరువుగా ఉండే కీల్ విరిగిపోయింది. క్షణాల్లో తలకిందులైంది. లోపలా బయటా కలిపి 21 మంది. పదహారుమంది బోర్లాపడ్డ పడవ అడుగు మీదికి పాక్కుంటూ చేరారు. అయిదుగురు కొట్టుకుపోయారు. విడిపోకుండా ఒకరినొకరు కట్టుకుని గుండ్రంగా తేలుతూ ఉన్నారు. పక్కనుంచే వెళ్ళిన పోటీ పడవలకు మంచులో వాళ్ళు కనబడలేదు. ఒంటి మీదున్న చిన్న బీకన్లు ఆకాశానికి పంపిన సంకేతమే వాళ్ళు ఆపదలో ఉన్నారని చెప్పింది. పడవ అడుగు మీదికి చేరినవాళ్ళను బాల్టిమోర్ లైఫ్‌బోటు తెచ్చింది. చలికి బిగుసుకుపోతున్న ఆ అయిదుగురినీ ఊరి డైవింగ్ బోటు వెతికి పట్టుకుంది. 21 మందీ బతికారు.

ఆ ఇరవై ఒక్కరూ ఇంటికి చేరడంలో కేప్ క్లియర్ రాతి మీది పేర్లకు వాటా ఉంది. ఈ పడవల మనుషులు తమవాళ్ళను మర్చిపోకుండా ఉన్నారంటే, ఆ జ్ఞాపకాన్ని కొక్కెంగా, తాడుగా, నియమంగా మార్చి తర్వాతివాళ్ళ ఒంటికి కట్టారనే. మా అల్లుడు ఆ పోటీకి వెళ్తానంటే నేనిక వద్దనను. మా అమ్మాయికి చెప్పేదీ ఒక్కటే. అతను వెళ్ళేది తమవాళ్ళ పేర్లన్నీ నోటికొచ్చిన మనుషులతో కలిసి.